అమ్మ కూడా కూర్చునే దస్తర్ఖాన్

రొట్టె వేడిగా ఉంటేనే రుచి. ఈ మాటను కాదనేవారు మన ఇళ్లలో ఎవరూ ఉండరు. అయితే వేడి రొట్టె ఒక్కొక్కటిగా దస్తర్ఖాన్ మీదికి రావాలంటే ఒకరు పొయ్యి దగ్గర నిలబడే ఉండాలి. ఆ ఒకరు ఎవరో చెప్పనక్కర్లేదు. ముందు పిల్లలు తింటారు. దుకాణం నుంచో, ఆటో నడిపో, కూలి చేసో వచ్చిన మగవారు తర్వాత తింటారు. అటుపైన ఇంట్లోని పెద్దలు. అందరి కంచాలూ లేచాక తల్లి చల్లారిన రెండు రొట్టెలు, గిన్నె అడుగున మిగిలిన సాలన్ తీసుకుని వంటింటి గడప దగ్గర కూర్చుంటుంది. అప్పటికి పిల్లల చేతుల్లో సెల్ ఫోను ఉంటుంది, లేదా వారు నిద్రలోకి జారుకుని ఉంటారు.

మేము పాఠం చెప్పే తరగతిలో పిల్లలను ఒక ప్రశ్న అడుగుతూ ఉంటాము: ‘మీ అమ్మీ రాత్రి ఎన్ని గంటలకు భోంచేస్తారు?’ తండ్రి ఎప్పుడు తింటారో, దాదీ ఎప్పుడు తింటారో టక్కున చెప్పే పిల్లలు ఈ ప్రశ్నకు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. వారికి తెలియక కాదు, వారు ఎన్నడూ చూడక. ఇది చిన్న విషయమని తోసిపుచ్చడానికి వీల్లేదు. తల్లి తినడం చూడని పిల్లవాడు రేపు భార్య తిన్నదో లేదో చూస్తాడని ఎలా ఆశించగలం?

కలిసి తినడంలో బర్కత్ ఉందని మన పెద్దలు నూరిపోస్తూనే ఉన్నారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో చేయి వేసేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. తెలిసిన ఈ మాటలను ఆచరణలోకి తేవడానికి ఉపదేశం ఒక్కటే చాలదు, వంట పద్ధతిలోనే కొంత మార్పు కావాలి. రొట్టెలన్నీ ముందే కాల్చి బట్టలో చుట్టిపెట్టడం, మూడు నాలుగు రకాల పదార్థాలు మధ్యలో ఉంచడం, ఎవరి రొట్టెలో వారే నింపుకుని తినడం ఆ మార్పు. సముద్రాల అవతల మెక్సికో దేశంలో కోట్లాది కుటుంబాలు ఇలాగే తింటాయి. ఆ రొట్టె పేరు టోర్టియా.

మెక్సికో వారి రొట్టె

టోర్టియా అంటే స్పానిష్ భాషలో ‘చిన్న రొట్టె’ అని అర్థం. స్పెయిన్ దేశంలో ఇదే పేరుతో కోడిగుడ్డు అట్టును పిలుస్తారు. మెక్సికోకు స్పెయిన్ వారు వచ్చినప్పుడు అక్కడి స్థానికులు మొక్కజొన్నతో చేసుకునే పలుచని గుండ్రని రొట్టెకు ఆ పేరు పెట్టారు. స్థానిక నహువా ప్రజల భాషలో దాని అసలు పేరు త్లష్కల్లి. గోధుమలు స్పెయిన్ వారితోనే 16వ శతాబ్దంలో ఆ దేశానికి చేరాయి. గోధుమ బాగా పండే ఉత్తర ప్రాంతాల్లో, ముఖ్యంగా సొనోరాలో, గోధుమపిండి టోర్టియా వాడుకలోకి వచ్చింది. చూడడానికి అది మన చపాతీకి పినతల్లి కూతురులా ఉంటుంది.

రొట్టెలో మాంసమో, చిక్కుడు గింజలో పెట్టి మడిస్తే అది టాకో. దానిపై పచ్చి టమాటా, ఉల్లి, మిర్చి, కొత్తిమీర తరిగి నిమ్మరసం పిండి వేసుకుంటారు. ఈ మిశ్రమాన్ని చూస్తే మన కచుంబర్ గుర్తుకు రాక మానదు. అసలు టమాటా, మిర్చి, మొక్కజొన్న, రాజ్మా ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి మన దేశానికి వచ్చినవే. టమాటా అనే మాట కూడా ఆ నహువా భాషలోని ‘టొమాట్ల్’ నుంచి పుట్టిందే.

ఇంకొక బంధుత్వం కూడా చెప్పుకోవాలి. పశ్చిమాసియా నుంచి మెక్సికోకు వలస వెళ్లినవారు తమ షవర్మాను అక్కడికి తీసుకువెళ్లారు. ప్యూబ్లా నగరంలో ‘టాకోస్ అరబెస్’, అంటే అరబ్బు టాకోలు, అలా పుట్టాయి. నిలువు ఊచకు మాంసం గుచ్చి తిప్పుతూ కాల్చే ఆ పద్ధతి హైదరాబాదు వీధుల్లో షవర్మా తినే యువకులకు కొత్తేమీ కాదు. కాకపోతే మెక్సికోలో కాలక్రమాన ఆ ఊచ మీద గొర్రె మాంసం స్థానాన్ని చాలావరకు పంది మాంసం ఆక్రమించింది. అక్కడికి వెళ్లిన మనవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మెక్సికో సంప్రదాయ వంటను ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ యునెస్కో 2010లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

రోలు వదిలిన చేతులు

టోర్టియా కథలో మన తల్లులకు సంబంధించిన అధ్యాయం ఒకటి ఉంది. మొక్కజొన్నను రాత్రి సున్నపు నీటిలో ఉడికించి నానబెట్టి, తెల్లవారకముందే లేచి మెటాటే అనే వాలు రాతి మీద మోకాళ్లపై కూర్చుని స్త్రీలు రుబ్బేవారు. ఒక కుటుంబానికి సరిపడా పిండి కావాలంటే రోజుకు నాలుగైదు గంటలు పట్టేది. ఆ ముద్ద మర్నాటికి పులిసిపోతుంది కనుక ఏ రోజు పిండి ఆ రోజే రుబ్బుకోవాలి. 20వ శతాబ్దం తొలి సగంలో పల్లెలకు మరలు వచ్చాయి. వాటితో రుచి చెడిపోతుందని, ఆడవాళ్లు సోమరులవుతారని కొందరు మగవారు గొణిగారు. మర నిలిచింది. మిగిలిన గంటల్లో స్త్రీలు అల్లికలు చేసుకున్నారు, సంతకు వెళ్లి నాలుగు డబ్బులు సంపాదించుకున్నారు, పిల్లల దగ్గర కూర్చున్నారు.

మన తెలుగు పల్లెల్లో కూడా ఇసుర్రాయి పోయి పిండిగిర్ని వచ్చినప్పుడు ఇదే జరిగింది. జొన్నలు విసిరి విసిరి నానీల అరచేతులు కాయలు కాచిన సంగతి యాభై ఏళ్లు దాటిన చదువరులకు గుర్తుండే ఉంటుంది. విసరడం పోయింది గానీ పొయ్యి దగ్గర నిలబడడం పోలేదు. ఇప్పుడు పోవలసింది అదే.

సున్నపు నీటి రహస్యం

మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించడం వట్టి ఆచారం కాదు. దాని వల్ల గింజపై పొట్టు ఊడిపోతుంది, పిండి సాగే ముద్దగా తయారవుతుంది. ఇంకా ముఖ్యంగా గింజలో బందీగా ఉన్న నియాసిన్ అనే విటమిన్ శరీరానికి అందుతుంది. మెక్సికో వారు వేల సంవత్సరాలుగా ఇలా తింటూ ఆరోగ్యంగా ఉన్నారు. ఐరోపావారు మొక్కజొన్నను తీసుకువెళ్లారు గానీ ఈ పద్ధతిని తీసుకువెళ్లలేదు. ఫలితంగా మొక్కజొన్నే ఆహారమైన పేదల్లో పెల్లాగ్రా వ్యాధి ప్రబలింది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతి చలించడం ఆ వ్యాధి లక్షణాలు. స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కసాల్ 1735లోనే దీనిని గుర్తించారు. ఇటలీ ఉత్తర భాగంలోను, 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోను ఇది లక్షలాది మందిని పీడించింది. అంటువ్యాధి కాదనీ, తిండిలోని లోపమే మూలమనీ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుడు నిరూపించారు. లోపించినది నియాసిన్ అని 1937లో తేలింది.

ఈ కథకు హైదరాబాదుతో సంబంధం ఉంది. దక్కన్ ప్రాంతంలో మొక్కజొన్న కాక జొన్నే ప్రధాన ఆహారమైన పేదల్లో కూడా పెల్లాగ్రా కనిపించింది. నేడు జాతీయ పోషకాహార సంస్థగా పేరొందిన హైదరాబాదు పరిశోధనాలయంలో సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకంఠయ్య దీనిపై పరిశోధించి 1960లో తమ ఫలితాలు ప్రకటించారు. జొన్నలో లూసిన్ అనే ఆమ్లం ఎక్కువగా ఉండడం ఒక కారణం కావచ్చునని వారు ప్రతిపాదించారు. దీనర్థం జొన్నరొట్టె చెడ్డదని కాదు. ఎంత మంచి రొట్టె అయినా ఒంటరిగా తింటే కడుపు నిండుతుంది గానీ ఒళ్లు నిలవదు. రొట్టెతో పప్పు, పల్లీలు, ఆకుకూర, పాలు, గుడ్డు, మాంసం వీటిలో ఏవో రెండైనా ఉండాలి. మెక్సికో వారి రొట్టె పక్కన చిక్కుడు గింజలు ఎప్పుడూ ఉండేది ఇందుకే. అన్నట్టు, గోడలకు వేసే సున్నంతో ఇంట్లో ప్రయోగాలు చేయరాదని మనవి. మన వంటకు గోధుమపిండి చాలు.

ఐదుగురికి సరిపడే కొలత

అరకిలో గోధుమపిండికి ఒక చెంచా ఉప్పు, మూడు పెద్ద చెంచాల నూనె చేర్చి చేతితో బాగా రాయాలి. పిండికి నూనె పట్టాక గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ మెత్తగా కలిపి, తడిబట్ట కప్పి అరగంట వదిలేయాలి. ఈ అరగంట ఎంతో విలువైనది. పిండి నానితే రొట్టె పలుచగా సాగుతుంది, చుట్టినప్పుడు విరగదు. పదహారు ఉండలు చేసి పలుచగా వత్తాలి. పెనం బాగా కాగాక ఒక్కో వైపు అర నిమిషానికి మించి ఉంచరాదు. ఎక్కువసేపు కాలిస్తే రొట్టె అప్పడంలా బిరుసెక్కుతుంది. కాలిన రొట్టెను వెంటనే శుభ్రమైన నూలు బట్టలో పెట్టి మూత ఉన్న డబ్బాలో దాచాలి. లోపలి ఆవిరికే రొట్టెలు మెత్తబడి ముప్పావు గంట వరకు వెచ్చగా ఉంటాయి. మెక్సికోలో వెదురు, తాటాకు బుట్టల్లో బట్ట పరచి చేసేది ఇదే.

జొన్నరొట్టె ఇష్టపడేవారు జొన్నపిండి, గోధుమపిండి సగం సగం కలుపుకోవచ్చు. వట్టి జొన్నపిండికి సాగే గుణం లేదు కనుక చుట్టబోతే ముక్కలవుతుంది. దానిని చుట్టకుండా కంచంలో పెట్టి పైన పదార్థం వేసుకుని తినవచ్చు.

ఇద్దరు మనుషులుంటే పని సగం సమయంలో తెములుతుంది. ఒకరు వత్తుతుంటే ఒకరు కాల్చవచ్చు. వత్తడం పదేళ్ల పిల్లవాడికి కూడా నేర్పవచ్చు. అతని రొట్టె గుండ్రంగా రాకపోతే రానివ్వండి. చుట్టాక ఎవరికీ తెలియదు.

మధ్యలో పెట్టే గిన్నెలు

మొదటి గిన్నె ఖీమాది. పావుకిలో ఖీమా ఐదుగురికి చాలదని అనిపిస్తుంది. ఒక కప్పు ఉడికిన రాజ్మా గానీ, బొబ్బర్లు గానీ చేతితో చిదిమి అందులో కలిపితే చక్కగా సరిపోతుంది. ఉల్లి వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద, జీలకర్ర పొడి, కారం, రెండు టమాటాలు వేసి నీరు ఇంకేదాకా ఉడికించాలి. పలుచగా ఉంటే రొట్టెలోంచి కారి మోచేతుల దాకా పోతుంది. రాజ్మా విషయంలో ఒక జాగ్రత్త ఉంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీటిలో కుక్కరులో మెత్తగా ఉడికించాలి. సరిగా ఉడకని రాజ్మా వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది.

రెండో గిన్నె గుడ్డుది. మన ఖాగీనా ఇందుకు ఎంతో అనుకూలం. నాలుగు గుడ్లు, రెండు ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కొత్తిమీర, చిటికెడు పసుపు ఉంటే పది నిమిషాల పని. మాంసం కొనలేని వారంలో ఖాగీనా, బొబ్బర్లు రెండూ ఉంటే చాలు, దస్తర్ఖాన్‌కు ఏ లోటూ రాదు.

మూడో గిన్నెలో ఇంట్లో ఉన్నదేదైనా పెట్టవచ్చు. మధ్యాహ్నపు ఆలూ మేథీ, మిగిలిన కోడి కూర నుంచి ఎముకలు తీసి చీల్చిన ముక్కలు, వేయించిన వంకాయ, ఏదైనా సరే. మిగిలినవాటిని పొగలు వచ్చేదాకా వేడి చేసే వడ్డించాలి. వేసవిలో బయట గంటల తరబడి ఉన్న మాంసాన్ని మాత్రం పెట్టరాదు.

వీటి పక్కన కచుంబర్ ఒక గిన్నె, వెల్లుల్లి, పుదీనా నూరి కలిపిన గట్టి పెరుగు ఒక గిన్నె. కారం తినలేని చిన్నారులకు ఆ పెరుగే రక్ష. ఎవరి రొట్టెలో ఎంత పెట్టుకోవాలో వారే నిర్ణయించుకుంటారు కనుక, ‘నాకు ఉల్లి వద్దు, నాకు కారం వద్దు’ అనే రోజువారీ గొడవ ఉండదు. ఒక్కటి మాత్రం ముందే నేర్పాలి. తన వంతు ఎంతో చూసుకుని తీసుకోవాలి, తీసుకున్నది వదలరాదు. అందరి ముందు ఒకే గిన్నె ఉన్నప్పుడు చేతిని అదుపులో పెట్టుకోవడం ఏ బడిలోనూ ఇంత బాగా నేర్పలేరు.

రొట్టెలు మిగిలితే పారవేయనక్కర్లేదు. మెక్సికోలో పాత టోర్టియాలను ముక్కలుగా కోసి వేయించి, టమాటా మిర్చి పులుసులో వేసి ‘చిలాకిలెస్’ అనే ఉదయపు ఫలహారం చేస్తారు. మనకు మలీదా ఉండనే ఉంది. రొట్టెలను మెత్తగా నలిపి, బెల్లం, నెయ్యి కలిపితే పిల్లలు కాదనరు.

పొట్లం వెనుక చదవండి

నగరాల్లోని పెద్ద దుకాణాల్లో ఇప్పుడు తయారు టోర్టియాలు పొట్లాల్లో దొరుకుతున్నాయి. మన దేశంలో శాకాహార పదార్థాల పొట్లాలపై పచ్చ చుక్క ఉండాలన్నది నిబంధన. అది చూసి తీసుకోవచ్చు. అమెరికా, కెనడాలలో ఉన్న మన పిల్లలు మాత్రం వెనుక ఉన్న అక్షరాలు తప్పనిసరిగా చదవాలి. అక్కడ గోధుమ టోర్టియాలో సంప్రదాయంగా వాడేది పంది కొవ్వు. దానిని ఇంగ్లీషులో లార్డ్ అని, స్పానిష్‌లో మాంటెకా అని రాస్తారు. డబ్బాల్లో వచ్చే చిదిమిన చిక్కుడు గింజల్లో కూడా అది ఉండవచ్చు. ఇవాళ చాలా కంపెనీలు వంటనూనెతోనే చేస్తున్నాయి గానీ చదవకుండా నమ్మరాదు. అసలు ఇంట్లో పిండి, పెనం ఉన్నప్పుడు పొట్లం అవసరం ఏపాటిది?

ఆ గంటసేపు పిల్లలు

పిండి నానేటప్పుడు, కూర ఉడికేటప్పుడు చిన్నపిల్లలు కాళ్లకు అడ్డం పడుతుంటారు. వారిని ఫోను ముందు కూర్చోబెట్టడం తేలిక. కానీ ఆ రాత్రి దస్తర్ఖాన్‌కు కావలసిన వస్తువులు వారినే చేయమంటే వారి చేతులకు పని, మనసుకు గౌరవం దొరుకుతాయి. ఇందుకు బజారుకు వెళ్లి రంగు కాగితాలు కొనవలసిన పని లేదు. పారేసే వస్తువులే చాలు. జిగురు కూడా ఇంట్లోనే తయారవుతుంది. రెండు చెంచాల మైదా ఒక కప్పు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి సన్నసెగ మీద చిక్కబడేదాకా తిప్పితే పతంగులు అంటించే లై సిద్ధం.

మొదలుపెట్టే ముందు ఒక అదబ్ ఉంది. కాగితాలను పిల్లల ముందు వేసే ముందు పెద్దలు ఏరాలి. ఉర్దూ పత్రికలు, షాదీ రుఖ్ఖాలు, కేలండర్లు, ఇటువంటి శుక్రవారం పుటలు వీటిపై అల్లాహ్ పేరు, ఆయతుల అనువాదాలు ఉంటాయి. వాటిని వేరుచేసి భద్రపరచాలి. అనేక మసీదుల్లో పవిత్ర పత్రాలు వేసే పెట్టెలు ఉన్నాయి. ఈ ఏరే పనిని చదవడం వచ్చిన పిల్లలకే అప్పగిస్తే వారికి అక్షరాలు, అదబ్ రెండూ అబ్బుతాయి.

మొదటి వస్తువు కంచం కింద పరిచే చాప. దినపత్రిక పుటను పొడవునా నాలుగు మడతలు పెట్టి రెండంగుళాల వెడల్పు పట్టీలు చేయాలి. పది పట్టీలు నిలువుగా పరచి, పది అడ్డంగా ఒకదాని కింద, ఒకదాని పైన దూర్చుకుంటూ అల్లితే చదరపు చాప తయారవుతుంది. అంచులు మడిచి లైతో అంటించాలి. ఇది కంచం కిందికే, రొట్టె కిందికి కాదు. అచ్చు సిరా ఆహారానికి అంటరాదు. పత్రిక కాగితంలో తినుబండారాలు చుట్టవద్దని ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది, 2018 నిబంధనల్లో దానిని నిషేధించింది.

రెండోది చేతులు కడుక్కునే కుళాయి. ఒకప్పుడు దక్కన్ ఇళ్లలో అతిథి ముందుకు చిలంచీ, ఆఫ్తాబా తెచ్చి చేతులపై నీళ్లు పోసేవారు. ఆ మర్యాదను ఖాళీ నీళ్ల సీసాతో తిరిగి తేవచ్చు. సీసా అడుగుకు రెండంగుళాల పైన పక్కవైపు సన్న మేకుతో పెద్దలు ఒక రంధ్రం చేయాలి. రంధ్రాన్ని వేలితో మూసి నీళ్లు నింపి మూత బిగించాలి. వేలు తీసినా నీరు ఆగిపోతుంది. మూత కాస్త వదులు చేస్తే సన్నని ధార వస్తుంది, బిగిస్తే మళ్లీ ఆగుతుంది. పైనుంచి గాలి లోపలికి పోకపోతే బయటి గాలి ఒత్తిడే నీటిని ఆపుతుందని ఐదేళ్ల పాప కూడా కళ్లారా చూస్తుంది. కింద ఒక తట్ట పెట్టి, ఇంట్లో చిన్నవారు పెద్దల చేతులపై నీళ్లు వదిలితే దస్తర్ఖాన్ మొదలైనట్టే.

మూడోది షాదీ రుఖ్ఖాల నుంచి. పెళ్లిళ్ల కాలం ముగిసేసరికి ఇంట్లో దళసరి, జరీ అంచు కాగితం కావలసినంత పోగవుతుంది. పైన బిస్మిల్లా ఉన్న భాగం కత్తిరించి దాచి, మిగిలిన దానితో పేర్ల చీటీలు చేయవచ్చు. దస్తర్ఖాన్ చుట్టూ ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఒక్కో చీటీపై రాసి పెట్టాలి. తెలుగులో ఒక వైపు, ఉర్దూలో రెండో వైపు రాయిస్తే ఇంకా మంచిది. ఉర్దూ ఇంట్లో మాట్లాడటమే గానీ రాయడం రాని పిల్లలు మన రాష్ట్రాల్లో ఎంతోమంది ఉన్నారు. వారు ముందుగా ‘అమ్మీ’ అనే చీటీ రాయాలి, ఆ చీటీకి చోటు ఖాళీగా ఉంచాలి.

కాస్త పెద్ద పిల్లలకు చార్మినార్ ఇవ్వండి. 1591లో కట్టిన ఆ కట్టడం ఒక్కో వైపు సుమారు 20 మీటర్లు, మినార్ల ఎత్తు సుమారు 49 మీటర్లు. మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున లెక్క వేస్తే 20 సెంటీమీటర్ల చదరపు అట్టపెట్టె, 49 సెంటీమీటర్ల నాలుగు గొట్టాలు కావాలి. పత్రిక పుటను నిలువుగా గట్టిగా చుట్టి అంటిస్తే గొట్టం వస్తుంది, కొలిచి చివర కత్తిరించాలి. ఒక్కో వైపు ఒక్కో కమాను 11 సెంటీమీటర్ల వెడల్పున గీయాలి. అట్టను కోసే పని పెద్దలది. నిష్పత్తి పాఠం బడిలో మూడు రోజులు చెప్పినా ఎక్కనిది ఇక్కడ ఒక్క సాయంత్రంలో ఎక్కుతుంది. ప్రాణుల బొమ్మలు వద్దనుకునే ఇళ్లలో ఇటువంటి కట్టడాలు, బీదరు పనితనంలో కనిపించే పూల, తీగల, నక్షత్రాల నక్షీలు చేయించవచ్చు.

పారేసే వస్తువులతో పిల్లలకు విజ్ఞానం నేర్పడంలో మన దేశంలో అరవింద్ గుప్తా గారి పేరు ముందు చెప్పుకోవాలి. కాన్పూరు ఐఐటీలో ఇంజనీరింగ్ చదివిన ఆయన 1970ల చివర మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమంలో పాల్గొని, పల్లె బడి పిల్లల కోసం అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబుతో బొమ్మలు రూపొందించారు. 2018లో ఆయనకు పద్మశ్రీ లభించింది. మీరు కూడా చేసి చూడండి. మందు గీకేసిన అగ్గిపుల్లలను రెండు సెంటీమీటర్ల వాల్వు ట్యూబు ముక్కలతో కలిపి ఒక త్రిభుజం, ఒక చతురస్రం చేయాలి. చతురస్రాన్ని నొక్కితే పక్కకు వాలిపోతుంది, త్రిభుజం చెక్కుచెదరదు. రేకుల కప్పు కింద ఇనుప కమ్మీలు త్రిభుజాలుగా ఎందుకు ఉంటాయో పిల్లవాడు తానే వచ్చి మీకు చెబుతాడు.

వీటి జోలికి పోవద్దు

పారేసే వస్తువులన్నీ ఆటకు పనికిరావు. పురుగుమందు, ఫినాయిలు, యాసిడ్ సీసాలు ఎన్నిసార్లు కడిగినా పిల్లలకు ఇవ్వరాదు. పగిలిన గాజు, పదునైన రేకు అంచులు, ట్యూబులైట్లు, వాడేసిన సెల్లులు దూరంగా ఉంచాలి. గడియారాల్లోని బొత్తాము వంటి సెల్లు పసిపిల్లలు మింగితే గొంతును కాల్చి ప్రాణం తీయగలదు. మూడేళ్ల లోపు పిల్లల ముందు సీసా మూతలు, పూసలు పెట్టరాదు. ప్లాస్టిక్‌ను కొవ్వొత్తిపై కరిగించి అంటించే పద్ధతి మానుకోవాలి, ఆ పొగ మంచిది కాదు. ఆట ముగిశాక సీసాల్లో, డబ్బాల్లో నీరు నిలవ ఉంచరాదు. డెంగీని మోసే దోమ ఇటువంటి శుభ్రమైన నిలవ నీటిలోనే వారం పది రోజుల్లో పెరుగుతుంది.

ఖర్చు ఎవరిది, శ్రమ ఎవరిది

ఇదంతా అదనపు పని అని కొందరు సోదరీమణులు అనవచ్చు. రొట్టెలు, రెండు కూరలు, కచుంబర్, పైగా పిల్లల కాగితాల చెత్త! వారి మాటలో న్యాయం ఉంది. ఈ రాత్రి భారమంతా మళ్లీ తల్లి మీదనే పడితే దీని ప్రయోజనమే దెబ్బతింటుంది. కాబట్టి పనులు ముందే పంచుకోవాలి. ఉల్లి, టమాటా తరగడం తండ్రిది. వత్తడం పెద్ద పిల్లలది, కాల్చడం ఎవరికి చేతనైతే వారిది. చాపలు, కుళాయి, చీటీలు చిన్నవారివి. కాగితపు ముక్కలు ఊడ్చి, అంట్లు సర్దే పని తిన్నవారందరిది. తినే వేళ ఎవరి రొట్టె వారే చుట్టుకుంటారు కనుక వడ్డించే మనిషి అంటూ వేరే ఉండరు. నింపుకునే గిన్నెలు మధ్యలో ఉండడంలోని మేలంతా ఇదే.

ఫోన్లన్నీ ఆ ముప్పావు గంట మూత ఉన్న ఒక అట్టపెట్టెలో ఉంచండి. ఆ పెట్టెకు కూడా పిల్లలే నక్షీ అంటిస్తారు. ఊరికి దూరంగా పనిచేసే తండ్రి గల్ఫ్ నుంచి ఫోను చేసే వేళ అదే అయితే ఆ ఒక్క ఫోనును మాత్రం దస్తర్ఖాన్ మీదికి రానివ్వండి. ఆయన చీటీ కూడా రాసి పెట్టండి.

ఏ రోజు అనుకూలమో మీ ఇంటి వీలును బట్టి మీరే ఎంచుకోండి. మర్నాడు చాలామందికి పని తొందర ఉండని రాత్రి అయితే మేలు. నెలకు రెండుసార్లు జరిగినా చాలు. రొట్టెల బట్ట విప్పి, బిస్మిల్లా చెప్పే ముందు ఒకసారి చుట్టూ చూసి, అన్ని చీటీల దగ్గరా మనుషులు కూర్చున్నారో లేదో లెక్కపెట్టమని ఇంట్లో అందరికంటే చిన్నవారికి చెప్పండి. లెక్క తక్కువైతే వారే వంటింట్లోకి వెళ్లి చేయి పట్టుకుని తీసుకువస్తారు.